పత్తి లారీ

బెసీ విసిరిన టమాటా ఊరు వదిలి పోతున్న అమెరికా సైనికుల బండి అద్దానికి తగిలి చితికింది.

"పోండి! మా పిల్లల్ని ముందు నిలబెట్టి యుద్ధం చేయించుకున్నారు. ఇప్పుడు మమ్మల్ని టర్కీ నోట్లో పడేసి పోండి!"

బండ్లు ఆగలేదు. లోపల ఎవరో కుర్రాడు తల దించుకున్నాడు.

"చాల్లే అమ్మా. కూరలోకి ఉన్నవి అవే," అంది కూతురు షీలాన్.

మధ్యాహ్నానికి టర్కీ విమానాలు వచ్చాయి. ఇక కూర సంగతి ఎవరికీ గుర్తులేదు.

షీలాన్ కుర్దు దళంలో పిల్ల. తల్లిని ఇంకా దళం చేతుల్లోనే ఉన్న తూర్పు ఊరికి చేర్చి రమ్మని దళం ఆమెను పంపింది. యూనిఫాం తీసేసి తల్లి గౌను తొడుక్కుంది. అప్పటికే టర్కీ సైన్యం వెనక వచ్చిన అరబ్బు ముఠాలు రోడ్డు పట్టుకున్నాయి. దళంలో పోరాడిన ఆడపిల్ల చేతికి చిక్కితే ఏమవుతుందో ఊరందరికీ తెలుసు.

ఊరి చివర మిగిలింది ఒక్క పత్తి లారీ. దాని పక్కన గళ్ళ తలగుడ్డ చుట్టుకున్న ముసలి డ్రైవరు.

"తూర్పుకేనా? ఎక్కండి," అన్నాడు.

"అరబ్బువాడే! మనల్ని అమ్మేస్తాడు," బెసీ కూతురి చెవిలో గొణిగింది.

"ఇక్కడే ఉంటే ఊరికే దొరుకుతాం. ఎక్కు."

కొంత దూరం పోయాక అతను పొలం పక్కన లారీ ఆపాడు.

"చేతులు చాపు తల్లీ."

ఎండిన పత్తికాయ డొప్పలు తీసుకుని షీలాన్ వేళ్ళ మీద బరబరా గీకాడు. రక్తం చిమ్మింది.

"పిచ్చెక్కిందా నీకు!" బెసీ అతని చెయ్యి పట్టుకుంది.

"పత్తి ఏరే పిల్లకి ఇంత నున్నటి చేతులుంటాయా అక్కా? తుపాకీ నొక్కినట్టు ఒక్క చూపుడు వేలికే కాయ కాస్తుందా?"

బెసీ చెయ్యి వదిలేసింది.

"ఒంటి మీద ఇంకేమైనా ఉందా?"

బెసీ రెండు చేతులూ గుండెలకు అదుముకుంది. అతను కదల్లేదు. చివరికి గౌను లోపలి నుంచి చిన్న ఫ్రేము కట్టిన ఫొటో తీసింది. దళం దుస్తుల్లో కొడుకు బావెర్. నిరుటి వసంతంలో యుద్ధంలో పోయాడు.

ముసలాయన ఆ ఫొటో వంక చాలాసేపు చూశాడు.

"ఇతను... మీ అబ్బాయా?"

"నా కొడుకే. ప్రాణం పోయినా ఇవ్వను."

"ఇది దొరికితే ముగ్గురం పోతాం."

లాక్కుని లారీ వెనక్కి వెళ్ళాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

"ఏం చేశావు?"

"పోయిందనుకోండి."

"నీ కొడుకు ఫొటో అయితే ఇలాగే పారేస్తావా?"

అతను లారీ స్టార్ట్ చేశాడు.

రోడ్డుకు అడ్డంగా పీపాలు. గడ్డాలవాళ్ళు తుపాకులతో నిలబడి ఉన్నారు.

"ఎవరీ ఆడవాళ్ళు?"

"నా కూలీలు బాబూ. పొద్దస్తమానం ఏరినా సంచి సగం నిండదు. రొట్టెలు మాత్రం నాకంటే ముందు అయిపోతాయి."

ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేదు. వాడు బెసీ గౌను మీద తడిమాడు. కాసేపటి కిందట ఫొటో ఉన్న చోటే అరచెయ్యి ఆపి నొక్కి చూశాడు. తర్వాత షీలాన్ చేతులు వెలుగులోకి తిప్పాడు.

బెసీ నేల చూపులు చూస్తూ గౌను సర్దుకుంది.

"దారిలో కుర్దువాళ్ళు కనపడ్డారా?"

"వాళ్ళా? కుక్కల్లా పరిగెత్తారు," ముసలాయన పడీ పడీ నవ్వాడు.

వాడు షీలాన్ చేతులు వదిలేసి పీపా పక్కకు తన్నాడు.

తూర్పున ఊరు చేరాక ముసలాయన వాళ్ళ వెనకే దిగాడు. "అక్కా, ఒక్క నిమిషం. ఆ ఫొటో..."

"నా బిడ్డను రోడ్డు పక్క గుంటలో పారేసి మళ్ళీ మాట్లాడతావా? నీ కొడుక్కీ దిక్కూ మొక్కూ లేకుండా పోవాలి!" అతని కాళ్ళ ముందు ఉమ్మేసింది.

అంతలో విమానం మోత. జనం పరుగు. షీలాన్ తల్లిని లాక్కుపోయింది. బెసీ తిరిగి చూసేసరికి లారీ వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

"చూశావా? వాళ్ళ దగ్గరికే పోతున్నాడు. వాళ్ళ మనిషే."

షీలాన్ ఆ సాయంత్రమే దళంలోకి వెళ్ళిపోయింది.

గురువారం వచ్చింది. బెసీ నీళ్ళ డబ్బా పట్టుకుని, ఇన్నాళ్ళూ పాత ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన అమరుల శ్మశానానికి వెళ్ళింది. ఎప్పటిలాగే ముందుగా కొడుకు పక్క సమాధికి పోసింది. దళం తరఫునే పోరాడి పోయిన ఎవరో అరబ్బు కుర్రాడు, ఖలఫ్. గురువారాల్లో అతని కోసం ఒక్కరూ రారు. దిక్కులేనివాడు పాపం అని మొదటి నీళ్ళు అతనికే.

కొడుకు వైపు తిరిగి ఆగిపోయింది.

రాతికి ఆనించి బావెర్ ఫొటో ఉంది. ఫ్రేము మూలల్లో పత్తి పోగులు చిక్కుకుని ఉన్నాయి.

"అన్నా! ఇది ఎవరు పెట్టారు?" కాపలాదారుని కేకేసింది.

"లారీ ఆయన. ఆ రోజు వెనక్కి పోతూ ఇక్కడ ఆగాడు. పత్తిలో దాచి తెచ్చాడట. మీకు ముందే చెబితే తనిఖీలో మీ కళ్ళు అటే పోతాయని చెప్పలేదన్నాడు."

"మా వాడి సమాధి ఆయనకెలా తెలుసు?"

"శుక్రవారం శుక్రవారం వచ్చేవాడుగా. రాతి మీద మీవాడి బొమ్మ ప్రతిసారీ చూసేవాడు. ఈ కుర్రాడికి ఎవరూ లేరేమోనని మీవాడికే ముందు నీళ్ళు పోసేవాడు."

బెసీ డబ్బా కింద పెట్టింది.

"ఆయన ఎక్కడుంటాడో చెప్పన్నా. కాళ్ళు పట్టుకోవాలి."

కాపలాదారు పార నేలకు ఆనించాడు.

"ఇంకో లారీ జనాన్ని తేవడానికి పోయాడమ్మా. ఈసారి ఆయన మాటలకు రోడ్డు మీది ముఠావాళ్ళు నవ్వలేదట. మొన్న శవాన్ని తెచ్చాం."

"ఎక్కడ పెట్టారు?"

అతను ఆమె ఇప్పుడే నీళ్ళు పోసిన సమాధికి అటువైపున్న కొత్త మట్టిని చూపించాడు.

"ఖలఫ్ పక్కనే. తండ్రిని కొడుకు దగ్గర కాక ఇంకెక్కడ పెడతాం?"