లుంగీకి చోటు లేదు

సంజీవరావు హోటల్లో కిటికీ పక్క టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోకూడదు.

మార్కాపురం బస్టాండు దగ్గర బిర్యానీ అంటే ఆ హోటలే. ఆదివారం రాత్రయితే జనం గుమ్మం దాకా నిలబడతారు. అయినా ఆ ఒక్క టేబుల్ ఖాళీగానే ఉంటుంది. రోజూ తుడుస్తారు, రెండు గ్లాసులు బోర్లిస్తారు, అంతే.

ఎందుకని ఎవరైనా అడిగితే సంజీవరావుకు అంతకన్నా సంబరం లేదు. ఓడ కథ ఎత్తుకుంటాడు.

పోయినేడు హోటళ్లవాళ్లంతా కలిసి టూరు వేశారు. చెన్నైలో ఓడ ఎక్కారు. రెండో రాత్రి భోజనానికి సంజీవరావు ఇస్త్రీ లుంగీ కట్టి, భార్య హెలెన్‌ను వెంటబెట్టుకుని దర్జాగా బయలుదేరాడు. లుంగీతో కుదరదని భోజనాల హాలు గుమ్మంలో ఆపేశారు. గదికి పోయి ప్యాంటు వేసుకొచ్చాడు. ఈ రాత్రికి కోటు కూడా ఉండాలన్నారు. హెలెన్ లోపల, ఆయన బయట. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

రోజూ ఊరందరికీ అన్నం పెట్టే మనిషికి అన్నం గుమ్మంలో తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ఒక తెలుగు వెయిటరు పరుగున వచ్చి నల్లకోటు చేతిలో పెట్టాడు. మీ వైపాయనే ఇచ్చాడు, పేరు మాత్రం చెప్పొద్దన్నాడు అన్నాడు. కొత్త కోటు, మంచి గుడ్డ. ఇచ్చినవాడు ఓడలో ఎవరో పెద్ద ఆఫీసరే అయ్యుంటాడని సంజీవరావు అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు. మార్కాపురంలో నా హోటలుంది, ఎప్పుడొచ్చినా కిటికీ పక్క టేబుల్ మీదేనని, భోజనమయ్యాక కోటు తిరిగి పంపుతూ దాంతోపాటే కబురు చెప్పించాడు.

ఈ కథలో ఒక్క ముక్క మాత్రం ఎవరికీ చెప్పడు. కంగారులో టమాటా సూపు ఆ కోటు చేతి మీద ఒలకబోసుకున్నాడు. మరక కనపడకుండా మడతపెట్టి పంపేశాడు.

ఇంత అవమానం పడ్డవాడు ఏం చేయాలి?

సంజీవరావు ఊళ్లో దిగగానే బోర్డు రాయించాడు. రాత్రి భోజనానికి మగవాళ్లు ప్యాంటు వేసుకునే రావాలి, లుంగీలకు చోటు లేదు. అక్కడ తిన్న మొట్టికాయ ఇక్కడ పదిమందికీ పంచితే హోటల్ స్థాయి పెరుగుతుందని ఆయన లెక్క. మనకొచ్చేదంతా లుంగీలవాళ్లే గదా అని సర్వరు మల్లయ్య గొణిగితే విననట్టు ఊరుకున్నాడు.

ఓ ఆదివారం రాత్రి ఒక జంట లోపలికి వచ్చింది. కొత్తగా పెళ్లయినట్టుంది. ఆ అమ్మాయి చీర మడతలు ఇంకా విడలేదు. అతను మాత్రం గళ్ల లుంగీలో ఉన్నాడు. హోటల్ కిటకిటలాడుతోంది. ఇద్దరూ ఖాళీగా ఉన్న టేబుల్ వైపు నడిచారు.

సంజీవరావు అడ్డం వచ్చాడు.

"అది ఒకాయనకు పెట్టినా తమ్ముడూ."

"ఎవురన్నా ఆయన?"

"ఓడలో పెద్ద ఆఫీసరు."

"ఆఫీసరా?" అతను కొంచెం నవ్వాడు. "సరే, ఇంకోటి ఖాళీ అయ్యేదాకా నిలబడతాంలే."

"నిలబడినా లాభం లేదు. లుంగీతో పెట్టము." సంజీవరావు బోర్డు చూపించాడు. "ప్యాంటు తొడుక్కొని రాపో."

చుట్టూ తింటున్నవాళ్లు తలెత్తారు. ఆ అమ్మాయి అతని మోచెయ్యి పట్టుకుని పోదాం పదమంది. అతను కదల్లేదు.

"ప్యాంట్లు లేక కాదన్నా. ఏడాదంతా ఎవురో చెప్పిన బట్టలే తొడిగినా. మా ఊరి పక్కకొచ్చి, మా మనిషి దగ్గర అన్నం తినేదానికి కూడా ఇంకొకరు చెప్పిన బట్టలేనా? నేను మార్చను."

సంజీవరావుకు రోషం వచ్చింది.

"రూలంటే రూలే. నన్నూ ఆపినారు ఓడలో."

"ఆ రాత్రి పస్తు పడుకున్నావా?"

"లేదు. ఒక మహానుభావుడు కోటిచ్చినాడు."

"ఆయన నీకు కోటిచ్చినాడు. నువ్వు నాకు బోర్డు చూపిస్తుండావు."

ఎవరో చెంచా కింద పెట్టిన చప్పుడైంది. సంజీవరావు ముఖం కందిపోయింది. తప్పు మాట కాదని తెలుసు, అయినా ఇంతమందిలో వెనక్కి తగ్గడం ఆయన వల్ల కాలేదు. తలుపు వైపు చెయ్యి చూపించాడు.

అతను గొడవ పడలేదు. అక్కడే నిలబడి లుంగీ మోకాళ్ల పైకి మడిచి కట్టాడు. భార్య చెయ్యి పట్టుకుని, తింటున్న వాళ్ల మధ్యనుంచి తల వంచకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తరువాత సంజీవరావుకు కౌంటరు దగ్గర మనసు నిలవలేదు. పస్తు అన్న మాట లోపల గుచ్చుతూనే ఉంది. మల్లయ్య చేత రెండు బిర్యానీలు పార్సిల్ కట్టించి, తనే పట్టుకుని బయటికి పరుగెత్తాడు. వాళ్లు అప్పటికే బండి ఎక్కారు.

"తమ్ముడూ, ఇది తీసుకపో. డబ్బులొద్దు."

"మాకొద్దన్నా. కూర్చొని తినాలని వచ్చినాం, దానం పట్టుకపోయేదానికి కాదు."

బండి మెల్లగా కదిలింది. వెనక కూర్చున్న అమ్మాయి సంజీవరావు వైపు తిరిగి, కోపమేమీ లేకుండానే చెప్పింది.

"ఈయన ఆఫీసరు కాదన్నా, ఓడలో గిన్నెలు కడుగుతాడు. పెళ్లికని కుట్టించుకున్న ఆ కోటు మీద నీ సూపు మరక ఎంత ఉతికినా పోలేదు, మొన్న చర్చిలో అట్లనే తొడుక్కున్నాడు."