పిడుగు మీదికి నెట్టిన నిప్పు

ములాంజే కొండ మీద తేనె తీశాక పొగ కాగడా ఆర్పకుండా వచ్చేసింది నేనే. ఆర్పాలంటే వాగు దాకా దిగాలి, బేరానికి పొద్దు పోతుందని లెక్క వేశాను. అడవి అంటుకుంది. పైన కట్టెలు కొడుతున్న చికాపా తిరిగి రాలేదు. ఆ సాయంత్రం వాన లేకుండా ఉరిమింది గనుక పిడుగే అంటించిందని ఊరు నమ్మింది. నేనూ తలూపాను.

ఈ రాత్రి తొలి వాన కురుస్తోంది. చికాపా భార్య నంబేవే నా దుకాణంలో తలదాచుకుంది. ఉరిమినప్పుడల్లా నేను ఉలిక్కిపడుతున్నాను.

“బేరంలో పులివి, ఉరుముకి పిల్లివా అన్నా?” అని నవ్వింది.

అప్పుడు తలుపు అవతల ఎవరో దగ్గారు. పొగ మింగినవాడి దగ్గు. ఉరుములు ఆగాయి.

“మక్విన్జా,” అని నా పేరు వినిపించింది.

నేను గడియ తీయలేదు. నంబేవే నవ్వు ఆగిపోయింది.

“మా ఆయన గొంతే! నన్ను కాకుండా నిన్నెందుకు పిలుస్తున్నాడన్నా?”