అయిదు సబ్జెక్టుల రోబో

“నేనా? ఈ అట్టపెట్టెలోకా?” లెక్కల మాస్టారు ముక్కు చిట్లించాడు.

“మీరు కాకపోతే ఇంకెవరండీ?” ప్రిన్సిపాల్ మెడ మీది చెమట తుడుచుకున్నాడు. “సైన్సు సార్‌కి పొట్ట అడ్డం. కంప్యూటర్ సార్ తల పట్టట్లేదు. రోబో మోటారేమో పొద్దున్నే కాలి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ గారి కారు గేటు దాకా వచ్చేసింది. కానివ్వండి మాస్టారూ!”

సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, కళలు, లెక్కలు ఇకమీదట విడివిడిగా కాదు, కలిపి నేర్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి మూడు నెలలైంది. ఆ బళ్ళో ఇంతవరకూ కలిసినవి అట్టలూ జిగురూ మాత్రమే. ఏడో తరగతి పిల్లలు తయారుచేశారని చెప్పుకునే ఈ రోబోకి తీగలు సైన్సు సార్ చుట్టాడు, బల్బులు కంప్యూటర్ సార్ బిగించాడు, రంగులు డ్రాయింగ్ టీచర్ వేసింది. పిల్లల వంతుకి చప్పట్లు మిగిలాయి.

అక్కడితో పోతే బాగుండేది. అయిదు సబ్జెక్టులూ ఒకే పాఠమైనప్పుడు ఇంతమంది టీచర్లు దేనికని యాజమాన్యం అడిగింది. ఒక పోస్టు తీసేయాలి. అది ఎవరిదో ఇవాళ ఇన్‌స్పెక్టర్ చెప్పిపోతాడు.

పోయేది డ్రాయింగ్ టీచరేనని మాస్టారికి రవ్వంత అనుమానం కూడా లేదు. ఇరవై రెండేళ్ళుగా బడి మొత్తానికి ఎక్కాలు నూరిపోసిన తనెక్కడ, పువ్వులకి రంగులు పూయించే ఆవిడెక్కడ! ఏది అసలు చదువో, ఏది పైపై సింగారమో ఇవాళతో తేలిపోవాలి. ఆ ఆలోచన రాగానే ఆయన చెప్పులు విప్పి పెట్టెలో దూరాడు.

డ్రాయింగ్ టీచర్ ఆయన చేతికి వెండిరంగు గ్లౌజు తొడిగింది.

“ఎక్కువ ఊపకండి మాస్టారూ. రంగింకా ఆరలేదు.”

“మీ రంగులు మీరు చూసుకోండమ్మా, ఉన్నన్నాళ్ళు.”

ఆవిడ పెట్టెకి టేపు గట్టిగా నొక్కి అంటించింది.

లోపల జిగురు వాసన గుప్పుమంది. నోటికెదురుగా అరచెయ్యంత చిల్లు. దానికి వల కట్టారు. మాట్లాడినా, బయటికి చూసినా అందులోంచే. ఇన్‌స్పెక్టర్ వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. పక్కన నిలబెట్టిన పిల్లని పలకరించాడు.

“ఇందులో నువ్వేం చేశావమ్మా?”

“పక్కన నిలబడ్డాను సార్.”

“పిల్లకి సిగ్గెక్కువ సార్,” ప్రిన్సిపాల్ గబగబా అందుకున్నాడు. “మీరు రోబోని అడగండి. ఏదైనా అడగండి.”

“పదిహేడు పంతొమ్మిదులు?”

“మూడు వందల ఇరవై మూడు,” అంది రోబో, ముక్కుతో.

ఇన్‌స్పెక్టర్ కనుబొమలు లేచాయి. “గుండ్రటి నీళ్ళ ట్యాంకు. వ్యాసం రెండు మీటర్లు, ఎత్తు ఏడు. ఎన్ని లీటర్లు పడతాయి?”

“ఇరవై రెండు వేలు,” అని ఊరుకుంటే మాస్టారు మాస్టారెందుకవుతాడు? అడక్కుండానే ఆ ట్యాంకు చుట్టుకొలత కూడా చెప్పాడు. దానికి బిగించాల్సిన మూత వైశాల్యం కూడా చెప్పాడు. సైన్సు సార్ నోరు తెరుచుకు చూస్తుంటే లోపల ఆయన ఛాతీ ఉబ్బి అట్ట చిరిగేలా ఉంది.

“భలే! అయితే కళలు కూడా ఉండాలి కదా. ఒక పువ్వు వెయ్యమనండి.”

తెల్లబోర్డు తోసుకొచ్చారు. రోజూ చాకుపీసుతో చెయ్యి వణక్కుండా వృత్తాలు గీసే మనిషికి పువ్వొక లెక్కా? ఆరు రేకులతో ఇట్టే వేసేయగలడు. కానీ ఎందుకు వెయ్యాలి? బాగుంటే పేరు ఆవిడకి పోతుంది. ‘మూడు నెలలుగా బొమ్మల టీచర్ నేర్పిన విద్య ఇదీ’ అని ఇన్‌స్పెక్టర్ కళ్ళారా చూడాలి. మాస్టారు మార్కరు అందుకుని, నాలుగు కాళ్ళున్న బంగాళాదుంపని గీసి, దానికో తోక కూడా తగిలించాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. డ్రాయింగ్ టీచర్ ముఖం పాలిపోయింది. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితం తీసి ఏదో రాశాడు. వలలోంచి అదంతా చూస్తున్న మాస్టారికి ఒళ్ళంతా పట్టిన చెమట కూడా చల్లగా, హాయిగా ఉంది. దెబ్బకి పీడ విరగడైంది అనుకున్నాడు.

“చూశారుగా,” ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచాడు. “ఎంత యంత్రమైనా బొమ్మ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది. అది మనిషే నేర్పాలి. కాబట్టి డ్రాయింగ్ టీచర్ని కదపకండి. లెక్కలంటారా, నేను నా సర్వీసులో ఇంత చురుకైన లెక్కల మాస్టార్ని చూడలేదు. ఇది ఉండగా ఇంకొకాయనకి జీతం దేనికి? ఆ పోస్టు తీసేయండి.”

“తప్పకుండా సార్,” అన్నాడు ప్రిన్సిపాల్, రోబో నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి.