గోటితో బేరం

"రెండు వేల రెండొందలా? దీపావళికి వచ్చినప్పుడు ఎంతన్నాడమ్మా?" అని బ్రహ్మయ్య మనవరాలిని అడిగాడు.

"ఎయిటీన్ హండ్రెడ్, తాతా," అంది హాసిని నేలచూపులు చూస్తూ.

"ఆర్నెల్లలో నాలుగొందలు పెంచాడా? ఇదేమన్నా బంగారమా?"

అమెరికాలోని ప్లేనో ఊళ్ళో షూటింగ్ పోటీల సామాను అమ్మే చిన్న దుకాణం అది. గాజు బల్ల మీద నీలం రంగు జర్మనీ రైఫిల్ ఉంది. మందుగుండుతో పేలేది కాదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును కొట్టే పోటీ రైఫిల్. షాపులో అదొక్కటే మిగిలింది. క్లబ్బు వాళ్ళు వాడుకోమని ఇచ్చిన రైఫిల్ హాసినికి పొడవెక్కువ. సాధన చేసి ఇంటికొచ్చాక చెయ్యి ఎత్తలేకపోతోంది. వచ్చే శనివారమే స్టేట్ మ్యాచ్.

"నాన్నా, రెండు వేలు దాటితే ఈ ఏడాదికి వద్దని ఇంట్లోనే అనుకున్నాం కదా," అన్నాడు దివాకర్ మెల్లగా. కూతురి వైపు మాత్రం చూడలేదు.

"దాటకుండా నేను చూస్తాగా. నువ్వు నేను చెప్పింది ఇంగ్లీషులో చెప్పు చాలు."

"ఇక్కడ బేరాలుండవు నాన్నా."

"అమ్మేది మనుషులే కదరా. అడుగు."

షాపు యజమాని వేన్ తెల్లమీసాల పెద్దమనిషి. దివాకర్ నసుగుతూ అడిగిందంతా ఓపిగ్గా విన్నాడు. "బయటి దేశాల సరుకు మీద సుంకం పెరిగింది. ఇంతకంటే ఒక్క డాలర్ కూడా తగ్గించలేను," అన్నాడు.

"సుంకం పెరగకముందు తెప్పించిన సరుకేమో అడుగు. పాత సరుకుకి కొత్త రేటు వేస్తే న్యాయమా?"

"పెరిగాకే వచ్చిందట నాన్నా."

"ఆయన అన్నాడు, నువ్వు నమ్మావు. సరే, పదండి పోదాం," అని బ్రహ్మయ్య లేచాడు. "గుమ్మం దాటేలోపు వెనక్కి పిలుస్తాడు, చూడండి."

గుమ్మం వచ్చింది. వేన్ నిజంగానే పిలిచాడు. "హ్యావ్ ఎ గుడ్ డే" అని చెయ్యి ఊపాడు.

కారు దాకా వచ్చినా ఇంకెవరూ పిలవలేదు. హాసిని వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది. "ఇట్స్ ఓకే డాడీ. క్లబ్ రైఫిల్‌తోనే కొడతాను," అంది. అలా అంటూ భుజం నొక్కుకుంది.

బ్రహ్మయ్య అది అద్దంలో చూశాడు. వెంటనే తల తడుముకుని, "టోపీ మర్చిపోయాన్రా, లోపలే ఉండిపోయింది," అన్నాడు.

"మర్చిపోయారా, కావాలనే వదిలేశారా?" అన్నాడు దివాకర్.

"బేరానికి వెళ్ళినవాడు ఏదో ఒకటి అక్కడ పెట్టి రావాలి. లేకపోతే మళ్ళీ ఏ ముఖంతో వెళ్తాడు?"

ముగ్గురూ మళ్ళీ లోపలికి వెళ్ళారు. బల్ల పక్కన ఒకావిడ చేతితొడుగులు ఎంచుకుంటోంది. బ్రహ్మయ్య టోపీ తీసుకుని, ఆ చేత్తోనే రైఫిల్‌కి దారంతో కట్టిన ధర అట్టముక్కను పట్టుకున్నాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒరే, స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉందిరా."

"నాన్నా, వద్దు. మొన్న ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు ప్యాకెట్లన్నీ గీకారు. ఆ కౌంటర్ ఆవిడ ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతోంది."

"నవ్వితే నవ్వనీ. కింద పద్దెనిమిది వందలు బయటపడితే ఈయన ఏమంటాడో చూద్దాం," అంటూ బ్రహ్మయ్య బొటనవేలి గోటితో స్టిక్కర్ అంచు లేపాడు.

వేన్ గబగబా వచ్చాడు. "సర్, దయచేసి దాన్ని తీయకండి."

"తాతా, ప్లీజ్ స్టాప్," అంది హాసిని. ఆ షాపులో ఆమె గొంతు అంత గట్టిగా వినపడటం అదే మొదలు.

"చూశావా, ఎలా కంగారు పడుతున్నాడో. దొరికిపోయాడు," అని బ్రహ్మయ్య ఒక్క లాగు లాగాడు. స్టిక్కర్ చిరక్కుండా ఊడి వేలికి అంటుకుంది.

ఆయన కింద ఉన్న అంకె చూశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"హాసినీ, ఇది ఆరేనా?"

"ఆరే, తాతా. ట్వెంటీ సిక్స్ హండ్రెడ్."

వేన్ ముఖం ఎర్రబడింది. చేతితొడుగుల ఆవిడ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి దివాకర్‌తో చెప్పాడు. "ఇప్పుడు దాని రేటు అదే. మీ అమ్మాయి ప్రతి శనివారం వచ్చి దీన్ని చూస్తుంది. ఏమీ అడగదు, వెళ్ళిపోతుంది. తనకి సరిపడని రైఫిల్ పట్టుకుని కూడా క్లబ్బులో అందరికంటే బాగా కొడుతోంది. అందుకే ఇవాళ మీరు రావడం చూసి, నాకు పడిన ధర రాసి పైన అంటించాను. పది మందికి తెలిస్తే పది మందీ అడుగుతారు."

దివాకర్ అదంతా తెలుగులో చెప్పి, జేబులోంచి కార్డు తీశాడు. హాసినికి థాంక్స్ చెప్పాలని ఉంది. ముందు రైఫిల్‌ని రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది.

అంతలో చేతితొడుగుల ఆవిడ ఇటు తిరిగింది. "ఆ నీలం రైఫిల్ చాలా బాగుంది. ఎంతకిస్తున్నారు?" అని అడిగింది.

వేన్ నోరు తెరిచి ఆగిపోయాడు. దివాకర్ తండ్రి వైపు చూశాడు. బ్రహ్మయ్య స్టిక్కర్ ఉన్న బొటనవేలిని పిడికిట్లో దాచేసి, రెండో చేత్తో అట్టముక్కను ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు.

"ట్వెంటీ సిక్స్ హండ్రెడ్, మేడమ్. ఫిక్స్‌డ్ రేట్. ఇక్కడ బేరాల్లేవ్."