వంతెన దాటి క్షవరం

“మెల్లిగా! మా జర్మనీలో అయితే మెడ ఇలా విరిచెయ్యరు,” అన్నాడు హార్ట్‌ముట్.

“మీ జర్మనీలో అయితే ఈ కుర్చీలో కూర్చోడానికి మూడు వారాల ముందే చెప్పుకోవాలి పెద్దాయనా,” అంది బొజేనా, కత్తెర ఆపకుండానే. పోలండ్ మనిషే అయినా జర్మన్ గడగడా మాట్లాడుతుంది.

హార్ట్‌ముట్ పకపకా నవ్వాడు. ఎనభై నాలుగేళ్ళ ఆ ముసలాయనకు ఇవాళ హుషారు ఆగడం లేదు. మరి గెలిచాడు కదా! స్నానాల గదిలో జారిపడ్డ దగ్గర్నుంచీ కూతురు సిల్కె ఒకటే పోరు, వృద్ధాశ్రమంలో చేరమని. “చస్తే నా వంటింట్లోనే చస్తాను, ఇల్లు కదలను,” అని భీష్మించుకు కూర్చున్నాడు. వారం రోజులుగా ఆ ఊసే లేదు. పైగా నిన్న తనే స్టుట్‌గార్ట్ నుంచి కారేసుకొచ్చింది. “పద నాన్నా, జుట్టు చెవుల మీద పడుతోంది,” అని ఈ పొద్దున వంతెన దాటించి పోలండ్‌కి తీసుకొచ్చింది. సరిహద్దునున్న తమ ఊరు గూబెన్ వాళ్ళంతా పెట్రోలుకీ, సిగరెట్లకీ, క్షవరానికీ చవకని నది దాటి ఇటే వస్తారు. అందులో వింతేముంది?

గోడవార కూర్చున్న నలుగురు ముసలివాళ్ళూ జర్మన్లే. ఇద్దరైతే ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేశారు. ఈ దేశం గాలి సోకితే మర్యాద మర్చిపోతారు కాబోలు అనుకున్నాడు.

“మా రోడ్లు చూడు! మా ఆస్పత్రులు చూడు!”

“చూశాను. కంటి డాక్టరు కోసం ఎన్నాళ్ళు ఆగారేం?”

“అయిదు నెలలు,” నసిగాడు. “మీ దగ్గర?”

“ఏడు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆయన వదిలితేనా!

“ఎన్ని చెప్పు, మీ ఆడవాళ్ళంతా మా దేశం వచ్చి మా ముసలాళ్ళకి స్నానాలు చేయించేవాళ్ళేగా?”

కత్తెర ఆగింది.

“చేయించాను. ఆరేళ్ళు. ఇక్కడ మా అమ్మకి చేయించే దిక్కులేక మానేసి వచ్చేశాను. మూడు గదుల్లో ఆరుగురం. పొద్దున లేస్తే అమ్మకీ నాకూ జుట్లు పట్టుకునేంత గొడవ. అయినా రాత్రికి ఒకే బల్ల దగ్గర సూప్ తాగుతాం. మీరు ఎవరితో తింటారు?”

హార్ట్‌ముట్‌కి భార్య పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచీ రేడియో పెట్టుకుని తింటున్నాడు. అయినా పోలండ్ మనిషి ముందు తగ్గుతాడా?

“మా పిల్లలకి ప్రేమ లేదనుకుంటున్నావా? నా క్షవరం కోసం ఏడు వందల కిలోమీటర్లు వచ్చింది నా కూతురు! మీ దేశంలో ఉందా అలాంటి పిల్ల, ఒక్కతైనా?”

బొజేనా ఆయన మెడ మీద వెంట్రుకలు మెత్తని బ్రష్షుతో దులిపింది. అంతా పోయాక కూడా దులుపుతూనే ఉంది.

“ఇక చాల్లే అమ్మాయ్, నాలుగింటికల్లా నా వంటింట్లో కాఫీ పెట్టుకోవాలి,” అంటూ లేచాడు. “సిల్కె పెట్రోలు పోయించుకుని వచ్చేస్తుంది. నా కోటేది?”

బొజేనా తల దించుకుంది.

“పైన మీ గదిలో తగిలించారు పెద్దాయనా, మీ అమ్మాయి దించి వెళ్ళిన పెట్టె పక్కనే.”