చిక్కటి పాలు

"నక్కో" అంటూ హన్విక పాల గ్లాసును ఒక్క తోపు తోసింది. సగం పాలు అఖిల చున్నీ మీద పడ్డాయి. మిగిలిన సగమైనా తాగిద్దామని అఖిల మళ్లీ గ్లాసు ఎత్తేసరికి పిల్ల పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంది.

హన్వికకు ఇంకా మూడేళ్లు నిండలేదు. వద్దనడానికి గల్లీ పిల్లల దగ్గర నేర్చుకున్న 'నక్కో' ఒకటి, ఎవరూ నేర్పకుండానే వచ్చిన 'నేనే' ఒకటి. ఆ రెండు మాటలతో ఇంటిల్లిపాదినీ ఏలుతోంది. అన్నం నక్కో, స్నానం నక్కో. చెప్పులు తొడుక్కోవడం నేనే, తలుపు గడియ తీయడం నేనే, ఆఖరికి తాత మీసం దువ్వడం కూడా నేనే.

అవన్నీ ఎలాగో నెట్టుకు రావచ్చు. పాలు తాగకపోవడమే అఖిల ప్రాణం మీదికొచ్చింది. మామ కృష్ణయ్యది పాల వ్యాపారం. మాదన్నపేటలో ఆయన బర్రె పాలంటే ఒక పేరు. ఇంటి కోసం వేరే చెంబులో పితికి పెట్టే పాలైతే, కాచి దించగానే మందంగా మీగడ కట్టేస్తాయి. అలాంటి పాలను ఈ పిల్ల రోజూ వాకిట్లోనే ఉమ్మేస్తోంది. అది కూడా గిన్నెలు పట్టుకుని జనం కొట్టం ముందు నిలబడే వేళకే.

"బర్రెల ఇంట్ల పుట్టి పాలు తాగదాయె" అన్నాడు కృష్ణయ్య, పెద్ద క్యాను మూత తీస్తూ అందరికీ వినబడేలా. "పాలల్ల ఏం లేదు. తాపే చేతిల ఉన్నది. తల్లికి పిల్లను సాదుడే రాకపాయె."

అఖిల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈ మాట ఇంట్లో చాలాసార్లు పడింది. పదిమందిలో పడడం ఇదే మొదలు.

మొదటగా గిన్నెలో పాలు పోయించుకున్న పక్కింటి రాహేలుకు పాపం అనిపించింది. పిల్ల తమ ఇంటికొస్తే గ్లాసెడు పాలు గటగటా తాగుతుందని, అవీ కృష్ణయ్యన్న పోసిన పాలేనని చెప్పింది. సాయం చేద్దామనే చెప్పింది కానీ, అది కాస్తా కృష్ణయ్యకు కలిసొచ్చింది.

"చూసిన్రా? పాలు గవే. చెయ్యి మారితే తాగుతది" అన్నాడు.

మామ ముందు ఎన్నడూ గొంతు పెంచని అఖిల ఆ పూట కళ్లు కూడా తుడుచుకోలేదు. నేరుగా వెళ్లి గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"గట్లయితే మీరే తాపుండ్రి మామా. మీ చేతిల తాగిందా, నాకు పిల్లను సాదుడు రాదని నేనే ఒప్పుకుంట. తాగకపోతే మాత్రం గీ మాట ఇంకోసారి నా ముంగట అనొద్దు."

అత్త ఆండాలు గాభరాగా అడ్డొచ్చి, జనం ముంగట లొల్లి ఎందుకని, ముందు అందరికీ పాలు పోసి పంపించమని మొగుణ్ణి బతిమాలింది. కృష్ణయ్యకు అప్పటికే పంతం ఎక్కింది.

"చుక్క నీళ్లు కలపని పాలు. ఎందుకు తాగదో నేనూ చూస్త" అని అరుగు మీద కూర్చుని మనవరాలిని ఒళ్లోకి లాక్కున్నాడు.

బర్రెదూడ కథ చెప్పాడు. నక్కో. బజారుకు తీసుకుపోతానన్నాడు. నక్కో. దువ్వుకొమ్మని మీసమే ముందుకు పెట్టాడు. పిల్ల దువ్వలేదు, పట్టుకుని గుంజింది. గిన్నెలవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మరి ఏం గావాలె నీకు?" అని కసిరాడు కృష్ణయ్య.

"నేనే" అంది హన్విక.

తాత ఒళ్లోంచి జారి, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కొట్టం పక్కనున్న నల్లా వైపు నడిచింది. పొద్దున్నే ఇల్లంతా నిద్రపోతుంటే తాత వెంట తిరిగేది ఆ కొట్టంలోనే. ఎక్కడేముందో దానికి తెలుసు.

కృష్ణయ్య గభాలున లేచాడు. "ఏయ్, గటు పోకు."

అఖిల దారికి అడ్డంగా నిలబడింది. "ఆగుండ్రి మామా. చెయ్యి మారితే తాగుతదని మీరే అంటిరి గద."

హన్విక నల్లా తిప్పింది. సగం పాలున్న గ్లాసు నీళ్లతో నిండింది. ఎత్తి, ఊపిరి తీసుకోకుండా మొత్తం తాగేసింది. రాహేలు తన గిన్నెలోని పాల వంక ఒకసారి చూసుకుంది.

"పిల్లచేష్టలు" అంటూ కృష్ణయ్య అవసరమైన దానికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ జత కలవలేదు.

హన్విక మళ్లీ నల్లా తిప్పి గ్లాసు నిండా నీళ్లు పట్టింది. ఒలికిపోకుండా మెల్లగా నడిచొచ్చి, అందరికీ పాలు పోసే పెద్ద క్యాను దగ్గర మునివేళ్ల మీద నిలబడింది.

"తాతా, ఇయ్యాల నేనే పోస్త."