మాట్లాడే పలక

ఇన్‌స్పెక్టర్ జీపు కొండమలుపు దగ్గర కనిపించగానే హెడ్మాస్టర్ పాలోమినో బీరువా తాళం తీశాడు.

లోపల మాట్లాడే పలక ఉంది. బొమ్మ మీద వేలు పెడితే ఆ మాట పైకి పలుకుతుంది. నోట మాట రాని పిల్లకి అలాంటిది బడే ఇవ్వాలని చట్టం. ఆ సంగతి యనీరా తల్లి నికొలాసా రేడియోలో విని, సంతలో మొక్కజొన్న కంకులు అమ్ముకుంటూనే రెండేళ్ళు అర్జీలు పెట్టింది.

పలక వచ్చి ఏడు నెలలైంది. వచ్చిన రోజే దానికి ప్రభుత్వ ఆస్తి అని నంబరు బిళ్ళ అంటించారు. పగిలితే హెడ్మాస్టర్ జీతంలో కోత. అందుకే అది బీరువాలో ఉండిపోయింది. అద్దం మీది ప్లాస్టిక్ పొర కూడా ఎవరూ ఊడదీయలేదు.

ఇప్పుడు రాజధాని లిమా నుంచి కాగితం వచ్చింది. పిల్ల దానితో మాట్లాడడం అధికారి కళ్ళారా చూడాలట. చూసి సంతకం పెడితేనే పలక ఈ బడిలో ఉంటుంది. లేకపోతే వెనక్కి పట్టుకుపోతారు. పాలోమినో మీద విచారణ కూడా.

రెండు వారాలుగా పాలోమినో తన గదిలో తలుపులు మూసి శిక్షణ ఇచ్చాడు. టీచర్ ఎర్మెలిందాని కూడా లోపలికి రానివ్వలేదు. ఆమె ఉద్యోగం ఏడాదికోసారి అతను సంతకం పెడితేనే నిలుస్తుంది.

ఆ పొద్దున నికొలాసా కూతురికి రెండు జడలు వేసి, ఉతికిన యూనిఫారం తొడిగి, చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకొచ్చింది.

"టీచరమ్మా, ఇవాళైనా దాని చేతికిస్తారా? కథలూ కబుర్లూ చెప్పక్కర్లేదు. ఏడుస్తున్నప్పుడు నొప్పి ఎక్కడో చెబితే చాలు నాకు."

"సంతకం అయితే ఇంటికి కూడా పంపాలట" అంది ఎర్మెలిందా, ఆమె ముఖంలోకి చూడకుండా.

తల్లులు ఉండకూడదన్నాడు పాలోమినో. నికొలాసా సంతకి వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వస్తూనే గడియారం చూసుకున్నాడు. "అరగంటే ఉంది నా దగ్గర. ఏదీ మన యువరాణి?"

"ఇదిగో సార్, మా యనీరా!"

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో, ఒళ్ళో పలకతో, తల ఒక పక్కకి వాల్చి కూర్చుని ఉంది పిల్ల.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లో ఫొటో చూశాడు. పిల్లని చూశాడు. "ఫొటోలో పుల్లలా ఉంది. ఇక్కడ ఈ బుగ్గలేంటయ్యా?"

"అంతా మన బడి భోజనం సార్!"

ఇద్దరూ నవ్వారు.

"నీ పేరేంటమ్మా?"

వేలు బొమ్మ మీద పడింది. "నా పేరు యనీరా" అంది పలక.

"బడిలో ఎవరంటే ఇష్టం?"

"హెడ్మాస్టర్ గారు."

"బాగానే బట్టీ పట్టించావయ్యా! సరే, ఇది చెప్పమ్మా. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

ఆ ప్రశ్న పాలోమినో నేర్పలేదు. పిల్ల బయటికి చూసింది. వేలితో వెతికింది.

"కొండ. కుక్క. నిద్ర."

నిజంగానే బయట ఎండలో కుక్క పడుకుని ఉంది.

"భేష్!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అప్పుడు వంటింటి వైపునుంచి ఒక కీచు వినిపించింది. గొంతులో నలిగినట్టు సన్నగా. కాసేపటికి మళ్ళీ, ఈసారి ఇంకా పొడుగ్గా. ఎర్మెలిందా తలుపు వైపు ఒక అడుగు వేసింది.

"ఏంటది?"

"వంటింట్లో కూరకి పెంచే గినీ పందులు సార్. ఆకలేస్తే అంతే. రెండింటిని మీకోసమే వేయిస్తోంది వంటామె."

"కూర్చుని తినే టైం లేదు. కట్టించెయ్."

"అలాగే సార్. టీచరమ్మా, పాపకి చలేస్తున్నట్టుంది. దుప్పటి సర్దండి."

ఎర్మెలిందా ఆగింది. వెనక్కి వచ్చి వంగింది. ఎర్రమట్టి అంటిన బూట్లు కప్పేదాకా దుప్పటి కిందికి లాగింది. లేచి నిలబడి నోరు తెరిచింది. పాలోమినో ఆమెనే చూస్తున్నాడు. నోరు మూసుకుంది.

ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. 'మిగతా బళ్ళకి ఆదర్శం' అని కింద ఒక ముక్క రాశాడు. పిల్ల తల నిమురుతూ ఫొటో దిగాడు. వేడి వేడి పొట్లం తీసుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది.

పాలోమినో పలకని రుమాలుతో తుడిచి మళ్ళీ బీరువాలో పెట్టాడు.

"సార్" అంది ఎర్మెలిందా. "సంతకం అయిపోయిందిగా."

"అయితే? పగిలితే మీరు కడతారా? వచ్చే ఏడు తనిఖీకి తీద్దాం."

"సాయంత్రం నికొలాసా వస్తుంది. ఏం చెప్పను?"

"చార్జింగ్‌లో ఉందని చెప్పండి."

బీరువా తాళం పడగానే పిల్ల చక్రాల కుర్చీలోంచి చెంగున దూకి, "మామయ్యా, ఇక ఆడుకోడానికి పోనా?" అంటే, "ముందా కుర్చీ వంటింట్లోకి తోసుకెళ్ళవే, పొద్దుటినుంచీ యనీరా ఆ గినీ పందుల మధ్య నేలమీదే పడుంది" అన్నాడు పాలోమినో.